గాలి బండికి దండ

ఇంజను రెండోసారీ అంటుకోలేదు. కాసేపు లోపల కుతకుతలాడి, మూలిగి, ఆగిపోయింది. ఇప్పుడు కాక్‌పిట్‌లో నా కుడి పక్క సీట్లో కూర్చున్న మహానుభావుడు పుదీనా బిళ్ళ చప్పరిస్తున్న శబ్దం స్పష్టంగా వినిపిస్తోంది. కెప్టెన్ నీలకంఠం గారు. విమానం అనేది తనే కనిపెట్టి, జాలిపడి మనందరికీ వాడుకోమని ఇచ్చినట్టు కూర్చుంటాడు. నేను ఎడమ సీట్లో ఉన్నాను. అది కెప్టెన్ సీటు. నేనింకా కెప్టెన్ని కాదు, ఈ రోజు అయ్యేదాన్ని. విశాఖపట్నం నుంచి ఢిల్లీ వెళ్ళిరావాలి, ఆయన పక్కన కూర్చుని చూడాలి, చూసి సరేనంటే నా భుజం మీద నాలుగో పట్టీ పడుతుంది, కాదంటే మూడు పట్టీలతో పడి ఉండాలి. పోయినసారీ పరీక్షకుడు ఈయనే. అన్నీ బాగానే చేసిందిగాని నిర్ణయం తీసుకోవడంలో తడబాటు ఉంది అన్నాడు. తడబాటట. వర్షంలో దిగబోయి, రన్‌వే సరిగా కనిపించక మళ్ళీ పైకి లేపాను, అది తడబాటు. ఆ మేఘంలోకి గుడ్డిగా దూరి ఉంటే ధైర్యం అనేవాడు కాబోలు. ఇలాంటివాళ్ళ నిఘంటువులో ధైర్యం అంటే పక్కవాడి ప్రాణంతో చేసే పని, ఆడదాని జాగ్రత్తకి పేరు భయం, తన భయానికి పేరు అనుభవం. చప్పరించండి సార్, బాగా చప్పరించండి.

మా విమానం తోకలో ఒక చిన్న ఇంజను ఉంటుంది. రెక్కల కింది పెద్ద ఇంజన్లని తిప్పి లేపడానికి గాలి ఇచ్చేది అదే, నేల మీద ఉన్నంతసేపు లోపల చల్లగా ఉంచేదీ అదే. అది చచ్చి కూర్చుంది. చచ్చినా ఫరవాలేదు, కింద గాలి బండి ఉంటే చాలు, ఎగరండి, అంటాయి రూల్సు. గాలి బండి అంటే డీజిల్‌తో నడిచే పెద్ద డబ్బా, దానికి తొడంత లావు గొట్టం. ఆ గొట్టం తెచ్చి విమానం పొట్టకి తగిలిస్తే గాలి లోపలికి దూరి ఇంజను తిరగడం మొదలవుతుంది, అది ఒక వేగం అందుకున్నాక మనం ఇంధనం వదలాలి. మొదటిసారి వదిలాను. సగం వేగానికి వచ్చి అక్కడే మొండికేసింది. వేగం పెరగదు, వేడి మాత్రం పెరుగుతుంది, నీళ్ళు పోయడం మరిచి పొయ్యి మీద పెట్టిన కుక్కరులాగా. వెంటనే కట్టేశాను. చల్లారనిచ్చి రెండోసారి మొదలుపెడితే మళ్ళీ అదే వరస, వేడి చూపించే ముల్లు ఎరుపు వైపు పరుగు తీస్తోంది, కట్టేద్దామని చెయ్యి పెట్టాను, నా చేతి మీద ఆయన చెయ్యి పడింది. "ఆగమ్మా, ఆగు, పికప్ అవుతుంది," అన్నాడు. మెత్తటి చెయ్యి, క్రీము రాసుకున్న చెయ్యి, కానీ బరువు. దాన్ని విదిలించి మీట కిందికి లాగేసరికి ముల్లు ఎర్రగీత దాటి వెనక్కి వచ్చింది. ఎంతసేపు దాటింది అంటే రెప్పపాటు. ఎంత దాటింది అంటే, తెర మీద చిన్న ఎర్ర గుర్తు పడి అక్కడే ఉండిపోయేంత. ఆ గుర్తు పడిందంటే ఇంజను లోపలికి కెమెరా గొట్టం దూర్చి, అక్కడ ఫ్యానులా తిరిగే ఒక్కొక్క చిన్న రెక్కనీ చూసేదాకా ఆ విమానం కదలకూడదు. ఆయనా చూశాడు. చూసి, తెర కింది బొత్తాం నొక్కి ఇంకో పేజీకి మార్చాడు, టీవీలో నచ్చని ఛానెల్ మార్చినంత తేలిగ్గా.

ఇప్పుడు కింద ఇంజనీరు దేవీప్రసాద్ ఇంజను తలుపులు తీయించి తల లోపల పెట్టాడు. నిచ్చెన మీద ఆయన బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కారణం తేలాలి. తేలడానికి టైము లేదు, ఎందుకంటే ఈ రన్‌వే మాది కాదు, నేవీది. ఇంకో గంటలో వాళ్ళ విమానాలు ఎగిరే వేళ మొదలవుతుంది, అప్పుడు మనం నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి, వాళ్ళది అయ్యేసరికి మా డ్యూటీ గంటలు అయిపోతాయి, ఈ ప్రయాణం రద్దు, దాంతో నా పరీక్షా రద్దు. భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోతే ఈ బాధ ఉండదని అందరూ అంటూనే ఉన్నారు. అక్కడ వేరే బాధలు ఉంటాయి, ఈ మనుషులే కదా అక్కడికీ వెళ్ళేది. అద్దం బయట కొండలు రాత్రి వానకి కడిగినట్టున్నాయి, కానీ ఎండ అప్పుడే కాంక్రీటు మీద పొగలు లేపుతోంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చిన్న ఇంజను లేదు గనక ఏసీ లేదు, వెనకాల జనం ఉడికిపోతున్నారు.

తలుపు తట్టి రోజలిన్ వచ్చింది. క్యాబిన్ సిబ్బందికి పెద్దది, జ్ఞానాపురం పిల్ల, ఎంత గొడవలోనైనా లిప్‌స్టిక్ చెదరదు, ఈ రోజు చెదిరింది. "మేడం, ఒకాయన ఫిషింగ్ హార్బర్ నుంచి థర్మాకోల్ పెట్టెలో సేపలు తెచ్చాడు మేడం, బట్టలని చెప్పి పైన పెట్టేశాడు. ఐసు కరిగిపోయి కింద కూర్చున్నావిడ నెత్తి మీద కారతంది. ఆవిడ పట్టుచీర. నానేటి చెయ్యను?" నీలకంఠం వెనక్కి తిరగకుండానే టిష్యూ ఇవ్వమన్నాడు. చందువ చేపల నీళ్ళకి టిష్యూ. ఆ పెట్టె దించి వంటగదిలో నేల మీద పెట్టమని, తలుపులు తీసి ఉంచమని, అందరికీ మంచినీళ్ళు ఇమ్మని చెప్పాను. తలుపు సందులోంచి ఆ వాసనతో పాటు మాటలూ వచ్చాయి. "పైలట్ ఆడమనిషంట బావా," అని ఒకడు, "అందుకే స్టార్ట్ అవ్వట్లేదు," అని ఆ బావ. నవ్వులు. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తుంటారు, సాయంత్రానికి నా వెనక తలకాయ ఊరంతా చూస్తుంది. వీళ్ళు ఇంట్లో గ్యాసు పొయ్యి అంటుకోకపోతే పెళ్ళాన్ని పిలిచే బాపతు. వీళ్ళని ఎత్తుకుని ముప్పైవేల అడుగుల పైకి తీసుకెళ్ళి క్షేమంగా దించాలి, దించితే చప్పట్లు కొడతారు, సర్కస్ కోతికి కొట్టినట్టు. రోజలిన్ అవన్నీ వినీ విననట్టు తలుపు మూసింది. పాపం, ఆ పిల్ల బయట వాళ్ళ మధ్య నిలబడాలి, నాకు కనీసం ఈ తలుపుంది.

బండి అంటుకోకపోతే జనం డ్రైవర్ని తిడతారు, ఇది నాకు కొత్త కాదు. నాన్న రమణమూర్తి ఒక కాంట్రాక్టరు దగ్గర స్టాఫు బస్సు నడిపేవాడు, కూర్మన్నపాలెం నుంచి ఫ్యాక్టరీ షిఫ్టు వాళ్ళని ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు. సెలవు రోజుల్లో నన్ను తన సీటు పక్కన ఇంజను బానెట్ మీద కూర్చోబెట్టుకునేవాడు, కాళ్ళు కాలేవి, గోనెసంచి వేసేవాడు. ఆ బస్సు వానాకాలం వస్తే చచ్చినా లేచేది కాదు. జంక్షన్‌లో ఆగిపోతే మగాళ్ళంతా దిగి తోసేవాళ్ళు, తోస్తూ తిట్టేవాళ్ళు, బస్సుని కాదు, నాన్నని. నాన్న నవ్వేవాడు. "ఇంకొక్కపాలి తోయండి బాబూ, అయిపోద్ది," అని వాళ్ళని బతిమాలుతూ నవ్వేవాడు. ఆ నవ్వంటే నాకు ఒళ్ళు మంట. బ్యాటరీ మార్చమని నెల నుంచి అడుగుతున్నాను, మార్చంది మీ కాంట్రాక్టరు, అని ఒక్కరోజు, ఒక్కరోజు అరిచి ఉంటే ఎంత బాగుండేది. అరవలేదు. కాంట్రాక్టరు వస్తే తలపాగా తీసేవాడు, షిఫ్టు వాళ్ళు తిడితే నవ్వేవాడు, ఇంటికొచ్చి అమ్మ ధనలక్ష్మి అడిగితే ఏటీ లేదే అనేవాడు. ఆ బానెట్ మీద కూర్చునే అనుకున్నాను, నేను నడిపే బండిలో ఎవడూ నన్ను చూసి నవ్వకూడదు, నేనెవడినీ చూసి నవ్వి ఊరుకోకూడదు అని. అనుకున్నంత మాత్రాన ఏమైంది. సార్ అంటున్నాను, ఎస్ సార్ అంటున్నాను, ఈయన బిళ్ళ చప్పరిస్తుంటే ఊరుకుంటున్నాను. నవ్వడం ఒక్కటే తక్కువ.

దసరా వస్తే మాత్రం నాన్నకి ఎక్కడలేని హుషారు వచ్చేది. బస్సు కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాడు. నేనెక్కడో పక్క అద్దానికి దండ వేస్తే వచ్చి తీసేసేవాడు. "అక్కడ కాదే. మొకం సూసి కట్టాల. బండికి మొకం ఎటుంటే దండ అటే," అని రేడియేటర్ జాలికి కట్టేవాడు. కొత్త బ్యాటరీ కొనని బస్సుకి కొత్త బంతిపూల దండ. ఇంజనుకి గాలి వెళ్ళే దారిలో కట్టి, మధ్యాహ్నానికి ఇంజను వేడెక్కిపోతే దిష్టి తగిలిందనేవాడు. దేశం మొత్తం ఇంతే. నట్టు బిగించమంటే బొట్టు పెడతారు. నిన్న విజయదశమి, ఎయిర్‌పోర్టులో ట్రాక్టర్లకీ నిచ్చెనలకీ సామాన్ల బళ్ళకీ అన్నిటికీ పసుపూ కుంకుమా, ఈ పొద్దున్న వస్తుంటే మమ్మల్ని దించిన వ్యాను చక్రం కింద నిమ్మకాయ పచ్చడైంది, డ్రైవరు దానికి దణ్ణం పెట్టాడు.

పక్క కిటికీ తెరిచి తల బయటపెట్టి చూశాను. దేవీప్రసాద్ బూట్లు ఇంకా నిచ్చెన మీదే ఉన్నాయి. వెనగ్గా రెక్క కింద, పొట్టకి గొట్టం తగిలించిన చోట, తడి కాంక్రీటు మీద పసుపుపచ్చగా ఏదో. ఒకటి కాదు, నాలుగైదు. కాగితాలనుకున్నాను. గాలికి ఒకటి దొర్లింది. రేకులు. బంతిపూల రేకులు, వాడి, నలిగి. ఎవడో నిన్నటి చెత్త తుడవలేదు అని తిట్టుకున్నాను, ఇంజను ముందు చిన్న రాయి ఉన్నా లోపలికి పీల్చేస్తుందని గోడల నిండా బొమ్మలేసి మరీ చెబుతారు, వీళ్ళు పూలు చల్లుతున్నారు, పెళ్ళి పందిరి అనుకున్నారు కాబోలు. కానీ రేకులు ఇంజను ముందు లేవు. గొట్టం కింద ఉన్నాయి. గొట్టం మూతి కింద. నా బుర్ర అక్కడ ఆగింది. గాలి బండి అంటే చుట్టూ రేకుతో నాలుగు పలకల డబ్బా. ముందూ వెనకా తెలియదు. జాలి లేదు, దీపాలు లేవు, అద్దం లేదు. దసరా నాడు దాని ముందు దండ పట్టుకుని నిలబడ్డ మనిషి దానికి మొహం ఎక్కడుందనుకుంటాడు?

హెడ్‌సెట్ తగిలించుకుని కింద నిలబడేది సూరన్న. పలాస వైపు మనిషి, గొట్టాలు తగిలించే జట్టుకి పెద్ద, ఇంజను తిరుగుతున్నంతసేపు మాతో వైరు మీద మాట్లాడేది అతనే.

"సూరన్నా, నిన్న గాలి బండికి పూజ చేశారా?"

"సేసినామమ్మా. దసరా గదా, సెయ్యకపోతే ఎలగ? కొబ్బరికాయ కూడా కొట్టినాం."

"దండ ఎక్కడ కట్టారు?"

"బండికేనమ్మా."

"బండికి ఎక్కడ?"

"గొట్టం మూతికి సుట్టినామమ్మా. గొట్టం నిలబెట్టి ఉంటే ఏనుగు తొండంలాగ ఉంటాది గదా, అదే దాని మొకం అనుకున్నాం."

"పొద్దున్న తీశావా?"

"పొద్దున్నకి దండ లేదమ్మా. రాత్రి వాన పడ్డాది, రాలిపోయిందనుకున్నాం."

రాలిపోయింది. బయటికి కాదు, లోపలికి. తడిసి బరువెక్కి, నిలబెట్టిన గొట్టంలోకి జారి కూర్చుంది, పొద్దున్నే సూరన్న ఆ గొట్టం తెచ్చి విమానం పొట్టకి తగిలించాడు, గాలి కొట్టాడు. విజయవాడ నుంచి వైజాగు దాకా బస్సుల్ని ఊపిరాడకుండా చేసిన బంతిపూలు ఇన్నాళ్ళకి విమానం దాకా ఎదిగాయి. దేవీప్రసాద్‌కి చెప్పమన్నాను, స్టార్టరుకి గాలి వదిలే తలుపు విప్పి చూడమన్నాను. ఆయన నిచ్చెన మీంచి తల బయటికి తీసి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. విప్పాడు. కాసేపటికి నల్లటి నూనె చేతుల్లో పాము పిల్లలాగా వేలాడదీసి చూపించాడు, అరటినార తాడు, దానికి గుజ్జుగుజ్జుగా బంతిపూలు. తాడు తలుపుకి చుట్టుకుపోయింది, సగమే తెరుచుకుంటోంది, సగం గాలే పోతోంది. అందుకే ఇంజను సగంలో ఉడికింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా అసహ్యం వేసింది, ఇన్ని కోట్ల యంత్రం, ఇంతమంది ఇన్నేళ్ళ చదువు, మూరెడు దండ. సూరన్న గొంతు మళ్ళీ చెవిలో పడింది. "అమ్మా, దండ నాను కట్టలేదమ్మా. నైటు షిఫ్టోళ్ళు కట్టినారు. నా పేరు రాకండా సూడండమ్మా." ఇప్పుడే కదయ్యా, సుట్టినాం, అనుకున్నాం అన్నావు. ఒక్క నిమిషంలో మేం పోయి వాళ్ళొచ్చారు. ఆ బతిమాలే గొంతు వింటే మళ్ళీ ఆ బస్సు, ఆ నవ్వు. వైరు బొత్తాం కట్టేశాను. ఏం చెప్పినా తిట్టేదాన్ని.

నీలకంఠం మాత్రం పకపకా నవ్వాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. "ఎక్సలెంట్! దండ! క్లియర్‌గా గ్రౌండ్ స్టాఫ్ మిస్టేక్. వాణ్ణి పీకించేస్తాను, అది వేరే సంగతి. చూడమ్మా హిమా, కారణం దొరికింది, తీసేశారు, ఇంకేముంది? నేవీ వాళ్ళకి ఇంకా టైముంది. మూడోసారి స్టార్ట్ చెయ్యి. నీ టెస్ట్ ఇక్కడే అయిపోయిందనుకో. ప్రాబ్లం కనిపెట్టింది నువ్వే కదా, అదే రాస్తాను. కెప్టెన్ హిమబిందు. బాగుంది కదా వినడానికి?"

"టెంపరేచర్ లిమిట్ దాటింది సార్."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను. మీరూ చూశారు."

"నేను చూడలేదు," అన్నాడు. అంటూనే ఇంకో బిళ్ళ విప్పాడు. "ఇంకోసారి స్టార్ట్ చేస్తే ఆ గుర్తు దానంతటదే చెరిగిపోతుంది. రెండు మూడు డిగ్రీలకి ఏ ఇంజనూ చావదమ్మా. నా ఎక్స్‌పీరియన్స్‌లో ఇలాంటివి బోలెడు."

బాగుంది వినడానికి. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. కెప్టెన్ హిమబిందు. అమ్మ ఇప్పటికే కూర్మన్నపాలెం అంతా చెప్పేసింది, మా హిమ సాయంత్రానికి కెప్టెనైపోద్ది అని, పక్కింటి జోగమ్మ అది ఓడ మీద ఉద్యోగం అనుకుంటోంది. ఒక్క మీట. పైకి లేపితే తాడు లేని గాలి శుభ్రంగా వెళ్తుంది, ఇంజను బుద్ధిగా లేస్తుంది, ఎర్ర గుర్తు చెరిగిపోతుంది, జనం చల్లబడతారు, చేపలు చల్లబడతాయి. ఆయన చెప్పింది నిజం కూడా కావచ్చు. రెండు మూడు డిగ్రీలే కావచ్చు. లోపలి రెక్కలు వేడికి మెత్తబడి మళ్ళీ గట్టిపడి మామూలుగా ఉండొచ్చు. లేదా ఒక్కటి, వేలంత రెక్క, వెంట్రుకంత పగులుతో ఊరుకుని కూర్చోవచ్చు. ఈ రోజు ఏమీ కాదు. ఆ రెక్క ఎప్పుడు తెగుతుందో ఎవడికీ తెలియదు, ఎవడు నడుపుతుంటాడో తెలియదు, ఇక్కణ్ణుంచి లేచి ఓడరేవు మీదుగా పోతుంటే కింద నూనె ట్యాంకులు, వాటి పక్కన ఇళ్ళు, మిద్దెల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి, ఆ ఎత్తులో ఇంజను పోతే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా టైముండదు. ఆ రోజు ఈయన ఎక్కడుంటాడు? ఇంట్లో బిళ్ళ చప్పరిస్తూ, పైలట్లు ఈ కాలంలో పనికిరాకుండా పోయారు అంటూ ఉంటాడు. ఇంకా తమాషా ఏమిటంటే, కాక్‌పిట్‌లో మాటలు రికార్డు చేసే పెట్టె ఇంజను లేచి నిలబడ్డాకే మొదలవుతుంది. లేవలేదు గనక ఆగమ్మా ఆగు అన్న ముక్క ఎక్కడా లేదు. నా చేతి మీద ఆయన చెయ్యి ఎక్కడా లేదు. అది ఆయనకి తెలుసు, నాకు తెలుసని కూడా తెలుసు, అందుకే అంత నిదానంగా కాగితం విప్పుతున్నాడు.

దేవీప్రసాద్ పైకొచ్చాడు, చొక్కా అంతా చెమట, చేతిలో ప్లాస్టిక్ సంచిలో దండ, దాన్ని ప్రసాదంలాగా రెండు చేతులతో పట్టుకున్నాడు. "అయిపోయింది మేడం, మళ్ళీ బిగించేశాం. టెంపరేచర్ ఎంతదాకా ఎల్లింది? లిమిట్‌లోనే ఉంది గదా?" అడిగాడు గాని జవాబు వద్దనుకుంటున్నాడు. దాటిందంటే కెమెరా గొట్టం వేరే ఊరి నుంచి రావాలి, రాత్రి దాకా పని, హైదరాబాదు ఆఫీసుకి ఫోన్లు, తిట్లు. లోపలే ఉందన్న ఒక్క మాట చాలు, ఆయన ఇంటికెళ్ళి అన్నం తింటాడు. "లిమిట్‌లోనే," అన్నాడు నీలకంఠం, తలైనా తిప్పకుండా. దేవీప్రసాద్ మొహం వెలిగింది. కింద ఒకడు నేను కట్టలేదంటాడు, పక్కన ఒకడు నేను చూడలేదంటాడు, వెనక ఒకడు చూసింది చూడనట్టు చెప్పమంటాడు, ముగ్గురూ మంచి మాటలతోనే అడుగుతున్నారు, ముగ్గురికీ కావలసింది నేను నోరు మూసుకోవడం. నాన్నకైతే ఈపాటికి నవ్వొచ్చేసేది.

తెర కింది బొత్తాం నొక్కాను. పేజీ మారింది. ఎర్ర గుర్తు అక్కడే ఉంది, ఎవరికీ సిగ్గుపడకుండా.

"దాటింది దేవీప్రసాద్ గారూ. రెండోసారి. ఇంజను లోపల చూడాలి," అన్నాను.

పుదీనా బిళ్ళ చప్పుడు ఆగింది. దేవీప్రసాద్ ఆ గుర్తుని చూసి, నీలకంఠాన్ని చూసి, సంచిలో దండని చూసుకుని దిగిపోయాడు. నీలకంఠం నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు, అదీ ఆయన గొప్ప. "హాట్ స్టార్ట్. స్టార్ట్ చేసింది ఎవరు? నువ్వు. ఆపాల్సింది ఎవరు? నువ్వు. ఆలస్యం చేసింది నువ్వు. నిర్ణయం తీసుకోవడంలో తడబాటు, రెండోసారి. నేను ఇదే రాస్తాను. నేను ఉన్నంతకాలం నువ్వు ఈ కంపెనీలో ఆ సీట్లో కూర్చోవు. అర్థమైందా?"

అర్థమైంది. భయం వేసింది కూడా. ఇన్నేళ్ళు పోగుచేసుకున్నది పోయింది, నా కళ్ళ ముందే పోయింది, దాన్ని పోగొట్టింది ఇంత చిన్న మనిషి. కానీ ఎంత చిన్నవాడో ఇప్పుడే పూర్తిగా కనిపించాడు. ఇతని సంతకం కోసమా నేను రెండేళ్ళు ఎస్ సార్ అన్నది? సూరన్న అబద్ధంలో కనీసం ఆకలి ఉంది. ఈయనకి ఏం తక్కువ? "మీకు చేతైంది రాసుకోండి సార్," అన్నాను. "దండ గొట్టం మూతికి కట్టారనీ చెబుతాను, వేడెక్కుతుంటే నా చెయ్యి మీరు పట్టుకున్నారనీ చెబుతాను. అడిగినవాళ్ళందరికీ చెబుతాను, అడగనివాళ్ళకీ చెబుతాను." సూరన్న పేరూ బయటికొస్తుంది. వస్తుంది. రాకుండా చూడమన్నాడు, చూడలేను, ఆ పాపం నాకుంటే ఉండనీ, దండ సంగతి దాస్తే రేపు ఇంకో ఊళ్ళో ఇంకో గొట్టానికి ఇంకో దండ.

ప్రయాణికులకి చెప్పాలి. చెప్పే మైకు ఇద్దరి మధ్యా ఉంటుంది. ఇలాంటప్పుడు ఎప్పుడూ హిందీలో, ఇంగ్లీషులో, సాంకేతిక కారణాల వల్ల చింతిస్తున్నాము అని చదువుతారు, ఎవరు చింతిస్తున్నారో ఎవరికీ తెలియదు. నీలకంఠం మైకు వైపు చెయ్యి చాపాడు, చట్టప్రకారం ఈ విమానానికి ఈ నిమిషాన కెప్టెన్ ఆయనే, ఆయనే చెప్పాలి. నేను ముందే తీసుకున్నాను. బొత్తాం నొక్కాను.

"నా పేరు హిమబిందు. నేను మీ కెప్టెన్ని. మన విమానం ఇంజను వేడి మితి దాటింది, లోపల దెబ్బ తిన్నదో లేదో చూడకుండా ఎగరడానికి లేదు. ఈ రోజు ఈ విమానం ఎగరదు. ఆపింది నేను. మీ సామాన్లు తీసుకుని దిగండి."

మైకు పెట్టేశాను. నీలకంఠం నోరు తెరిచి ఉంది, నాలుక మీద తెల్లగా బిళ్ళ కనిపిస్తోంది. తలుపు అవతల అందరూ ఒక్కసారి మొదలుపెట్టారు, ఆ బావ గొంతు అందరికంటే పైన ఉంది, ఆడదానికిస్తే ఇంతే అంటున్నాడు, ఎవరో తలుపు మీద గుద్దుతున్నారు. సీటు వెనక్కి జరిపి లేచి, టోపీ పెట్టుకుని, తలుపు గడియ మీద చెయ్యి వేశాను. తిట్టండి. ఒక్కొక్కరి మొహం చూస్తూ వింటాను. అందరూ బతికే ఉన్నారు, తిట్టండి.